ఎన్నూరు తీరంలో మూడు పరిమితులు

చెన్నై నుంచి సూళ్లూరుపేట లోకల్‌లో రాకపోకలు సాగించే తెలుగువారికి ఎన్నూరు ప్రాంతంలోని అత్తిపట్టు దగ్గర సముద్రం వైపు నిలిచిన బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలు చిరపరిచితమే. అవన్నీ ఒకేలా కనిపించినా, వాటి నుంచి వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లకు చట్టం ఒకే కొలత పెట్టలేదు.

2015కు ముందు బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలోని ఈ వాయువులకు దేశవ్యాప్త పరిమితే లేదు. ధూళికి పరిమితి ఉండేది. మిగతా వాయువుల సంగతి పొగగొట్టం ఎత్తుకు వదిలేశారు. 500 మెగావాట్లు, అంతకు మించిన యూనిట్లకు 275 మీటర్ల ఎత్తు ఉండాలన్నది నిబంధన. అంటే కాలుష్యం తగ్గకపోయినా దూరంగా చెదిరిపోతే చాలనుకున్నారన్నమాట.

2015 డిసెంబరు 7న కేంద్ర పర్యావరణ శాఖ తొలిసారి అంకెలు ప్రకటించింది. 2003 చివరిలోగా నెలకొల్పిన యూనిట్లకు ఘనపు మీటరుకు 600 మిల్లీగ్రాములు, 2004 నుంచి 2016 దాకా వచ్చినవాటికి 300, 2017 నుంచి వచ్చేవాటికి 100. గడువు రెండేళ్లు. ఆ గడువు నిలవలేదు, మధ్య అంకె 300 వివాదంలో పడింది.

కారణం కొలిమిలోనే ఉంది. బొగ్గు మంటలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లలో ఎక్కువ భాగం బొగ్గులో ఉన్న నైట్రోజన్ నుంచే వస్తుంది. మంట మరీ వేడెక్కితే గాలిలోని నైట్రోజన్ కూడా తోడవుతుంది. అందుకే బర్నర్ దగ్గర గాలిని తగ్గించి, మిగిలినదాన్ని పైనున్న ద్వారాల గుండా ఆలస్యంగా పంపుతారు. గాలి మరీ తగ్గితే బూడిదలో కాలని కార్బన్ పెరుగుతుంది, ఆ బూడిదను సిమెంటు కంపెనీలు ఇష్టపడవు. సౌర విద్యుత్ వచ్చే పగటివేళల్లో లోడు, అంటే యూనిట్ ఉత్పత్తి స్థాయి, తగ్గించినప్పుడు, బొగ్గుతో పోలిస్తే గాలి పాలు పెరిగి లెక్క తప్పుతుంది. 2019లో జరిపిన పరీక్షల్లో పూర్తి లోడులో 300 సాధ్యమేననీ, తక్కువ లోడులో నిలకడగా అందడం లేదనీ తేలింది. 2020 అక్టోబరులో ఆ పరిమితిని 450కి సడలించారు. లోడును బట్టి వేర్వేరు పరిమితులు పెట్టే వీలున్నా, అందరికీ కలిపి సడలించడం పరిశ్రమకు సులువైన దారి.

ఈ లెక్కన 1990ల నాటి ఉత్తర చెన్నై విద్యుత్ కేంద్రం మొదటి దశకు 600, అదే ఆవరణలోని రెండో దశకూ పక్కనున్న వల్లూరు కేంద్రానికీ 450, 2024 మార్చిలో ప్రారంభమైన 800 మెగావాట్ల మూడో దశకు 100 వర్తిస్తాయి.

ఆ 100 కేవలం బర్నర్ల మార్పుతో సులభంగా అందేది కాదు. అమ్మోనియాతో, ఉత్ప్రేరకంపై ఈ వాయువులను మామూలు నైట్రోజన్‌గా మార్చే పద్ధతిని జపాన్ 1970లలోనే వాడుకలోకి తెచ్చింది. అయితే మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. అంత బూడిద రాపిడికి ఉత్ప్రేరకపు పలకలు త్వరగా అరిగిపోతాయన్నది విద్యుత్ సంస్థల ప్రధాన అభ్యంతరం. దాన్ని కొట్టిపారేయలేం గానీ, పాత యూనిట్లలో బర్నర్లు మార్చకపోవడానికి అది సాకు కాజాలదు.

ఈ అంకెలన్నీ ఒక్కో పొగగొట్టంలోని గాఢతకు సంబంధించినవే. ఎన్నూరులాగా ఒకేచోట గుమిగూడిన బాయిలర్లన్నీ కలిసి ఏడాదికి ఎన్ని టన్నులు వదలవచ్చో ఆ ప్రమాణాల్లో ఎక్కడా లేదు.