"పాలిష్ పెట్టించే తెచ్చామండి!" వేలానికి వచ్చే ఫర్నిచర్ మీద అపోహలు, వాస్తవాలు

మొన్న మంగళవారం గుంటూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కారు వెనక సీట్లో దుప్పటి చుట్టి ఒక కుర్చీని పడుకోబెట్టి తెచ్చారు. వాళ్ల నాన్నగారు చండీగఢ్‌లో ఇంజినీరుగా చేసి అక్కడే రిటైరయ్యారట. 1980ల్లో ఆఫీసులో కండెమ్ చేసిన సామాను పాట పెడితే, వంద రూపాయలు కూడా కాకుండా ఈ కుర్చీ కొన్నారట.

దుప్పటి తీశాను. టేకు. పక్కనుంచి చూస్తే తలకిందులైన 'వి' అక్షరంలా కాళ్లు, వాటి మీద వెడల్పాటి చేతులు. కొలతలు, జాయింట్లు, బరువు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ కుర్చీ మొత్తం అద్దంలా మెరిసిపోతోంది. పేము అల్లిక ఉండాల్సిన చోట తెల్లటి ప్లాస్టిక్ వైరు ఉంది. నా మొహం చూసి ఆయనే సంతోషంగా చెప్పారు: "వేలానికి కదండీ, చూడ్డానికి బాగుండాలని పన్నెండు వేలు పెట్టి పాలిష్ పెట్టించే తెచ్చాం."

కుర్చీని తిరగేసి, వెనక కమ్మీ మీద చెయ్యి పెట్టి చూశాను. నున్నగా ఉంది. "సార్, ఇక్కడ పెయింటుతో ఏమైనా రాసి ఉండేదా?" అని అడిగాను.

"ఆ, ఏవో ఇంగ్లీషు అక్షరాలు, నంబర్లు ఉండేవి. అసహ్యంగా ఉన్నాయని గీకించేశాం."

పంతొమ్మిదేళ్లుగా వేలానికొచ్చే ఫర్నిచర్‌కి కండిషన్ రిపోర్టులు రాస్తున్నాను. ఈ సంభాషణ నెలకొకసారైనా జరుగుతుంది. ఆయనకి ముందు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, తర్వాత విషయం చెప్పాను. మీకు ఇక్కడ చెప్తున్నాను.

అపోహ: బాగుచేయించి, పాలిష్ పెట్టించి తెస్తే ఎక్కువ పలుకుతుంది

మిగతా అపోహలన్నీ కలిపినా జనానికి ఇంత నష్టం చెయ్యవు. తక్కినవి తప్పని తెలిస్తే దిద్దుకోవచ్చు. గరుకు కాగితంతో గీకిన పైపొరని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

చండీగఢ్ సామాను సంగతే తీసుకోండి. 1951 నుంచి కట్టిన ఆ ఊళ్లో సెక్రటేరియట్, హైకోర్టు, అసెంబ్లీ, పంజాబ్ యూనివర్సిటీ, ఉద్యోగుల క్వార్టర్లు, వీటన్నిటికీ వేల సంఖ్యలో కుర్చీలు, బల్లలు, బీరువాలు కావలసి వచ్చాయి. ఆర్కిటెక్టు లె కార్బూజియే ఊరి ప్లాను చూస్తుంటే, ఆయనకి వరసకి సోదరుడైన ఆర్కిటెక్టు పియేర్ జన్నరే అక్కడే ఉండిపోయి 1965 దాకా పనిచేశాడు. ఫర్నిచర్‌లో ఎక్కువ భాగం ఆయన చేతుల మీదుగా వచ్చిందే. ఆయన బొమ్మలు గీసిస్తే, చేసింది అక్కడి వడ్రంగులు. ఒకే వర్క్‌షాపు కాదు, చాలా చోట్ల చేశారు. అందుకే అసలైన రెండు కుర్చీలు పక్కపక్కన పెట్టినా చేతి మందంలో, కాలు వాలులో తేడా కనిపిస్తుంది. వాటి మీద డిజైనర్ సంతకం ఉండదు, కంపెనీ ముద్ర ఉండదు. ఆఫీసు స్టోర్స్ వాళ్లు లెక్క కోసం పెయింటుతో వేసుకున్న డిపార్టుమెంటు అక్షరాలు, నంబరు మాత్రమే ఉంటాయి. ఏదో గుమస్తా ఎన్నో ఏళ్ల కిందట వేసిన ఆ వంకర అక్షరాలే ఇవాళ ఆ కుర్చీకి బర్త్ సర్టిఫికెట్. ఆ పెద్దాయన పన్నెండు వేలు ఖర్చుపెట్టి గీకించింది దాన్నే.

పోయింది నంబరొక్కటే కాదు. ముప్పై ఏళ్లు మోచేతులు ఆనిన చోట టేకుకి వచ్చే నల్లటి నునుపు, సీటు కింద గాలీ వెలుతురూ సరిగా తగలక వేరే రంగుకి తిరిగిన చెక్క, కాలి అంచున గచ్చు మీద లాగిన రాపిడి, ఇవన్నీ నాకు సాక్ష్యాలు. కొనేవాడు ఇవే అడుగుతాడు. గీకి మెలమైన్ పాలిష్ కొట్టిన కుర్చీ, పోయినేడు చేసిన నకలు పక్కపక్కన నిలబెడితే నేనైనా ఫొటో చూసి తేడా చెప్పలేను. నకిలీలు చేసేవాళ్లు పడగొట్టిన ఇళ్ల దూలాల్లోంచి పాత టేకే తీసి వాడుతున్నారు కూడా. చెక్క వయసు వేరు, కుర్చీ వయసు వేరు.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మరి ఈ చండీగఢ్ సామాను కొని పట్టుకెళ్లిన ప్యారిస్ డీలర్లు కూడా బాగుచేసే అమ్మారు కదా?" నిజమే, చాలావాటికి కొత్త పేము అల్లించారు, పాలిష్ కూడా చేయించారు. కానీ వాళ్ల దగ్గర ప్రభుత్వ వేలంలో కొన్న కాగితాలున్నాయి, బాగుచేయక ముందు తీసిన ఫొటోలున్నాయి. మన పాలిష్ అబ్బాయి "ముందు" ఫొటో తీస్తాడా? తియ్యడు.

ఇంకో రకం వాళ్లున్నారు, వాళ్ల మీద నాకు కోపం రాదు. భయంతో గీకించినవాళ్లు. "ఇది ప్రభుత్వ సామాను, నంబరు కనిపిస్తే దొంగతనం కేసు పెడతారేమో" అని ఒకావిడ నాకు ఫోన్‌లోనే ఏడ్చినంత పని చేశారు. అమ్మా, ఆఫీసులు పాత సామానుని కండెమ్ చేసి బహిరంగంగా పాట పెట్టి అమ్మాయి. మీవాళ్లు అక్కడ కొన్నదైతే అది మీదే. రసీదు వెతకండి. పాత ట్రంకు పెట్టెలో, ఎల్‌ఐసీ కాగితాల మధ్య దొరుకుతుంది, నాకు అనుభవం. దొరక్కపోతే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారో తెలిసినంత వరకు ఉన్నదున్నట్టు రాసివ్వండి, అడగాల్సిన చోట మేము అడిగి చూస్తాం. గీకిన మచ్చ మాత్రం నంబరు కంటే ఎక్కువ అనుమానం తెస్తుంది.

నేను కూడా పునీతుణ్ణేమీ కాదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, 1930ల నాటి ఆర్ట్ డెకో డ్రెస్సింగ్ టేబుల్ ఒకటి వచ్చింది. జిట్రేగి (రోజ్‌వుడ్) చెక్క, గుండ్రటి అద్దం, ఎంత అందంగా ఉందో. సొరుగు అడుగున దుమ్ము పేరుకుపోయి ఉంటే, తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచేశాను. తుడిచాక గుడ్డకి ఏదో గుజ్జు అంటుకుని కనిపించింది. తయారీదారు కాగితం లేబుల్. మిగిలిన ముక్క మీద "సన్స్, బాంబే" అని మాత్రం చదవగలిగాం. క్యాటలాగులో "తయారీదారు తెలియదు" అని నా చేత్తోనే రాశాను. ఆ టేబుల్ తెచ్చిన పెద్దావిడ నన్నొక్క మాట అనలేదు, అంటేనే బాగుండేది. అప్పట్నుంచి నా బల్ల మీద తడిగుడ్డ కనిపించదు, మెత్తటి పొడి బ్రష్షే ఉంటుంది.

అంచేత మీరు చెయ్యాల్సింది: పొడి దుమ్ము దులపండి. ఊడిన ముక్క ఉంటే అతికించకండి, కవర్లో వేసి దానికే కట్టండి. పేము తెగితే తెగనివ్వండి. చెదలు, పుచ్చు ఉంటే దాచకుండా చెప్పండి, దాని సంగతి మేం చూసుకుంటాం. తిరగేసి, కింద, వెనక, సొరుగుల లోపల ఫొటోలు తియ్యండి. నాకు ముందువైపు ఫొటోలే ఇరవై పంపిస్తారు, అవతలివైపు ఒక్కటీ ఉండదు.

అపోహ: అచ్చం ఇలాంటిదే విదేశాల్లో లక్షలకి పోయింది, కాబట్టి మాది కూడా

ఈ వాట్సాప్ ఫార్వర్డ్ నాకే కనీసం యాభైసార్లు వచ్చి ఉంటుంది. అందులో సగం నిజం. "అచ్చం ఇలాంటిదే" అన్న మాట దగ్గరే చిక్కంతా.

2009 ఫిబ్రవరిలో ప్యారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాఁ లోరాఁ, ఆయన భాగస్వామి పియేర్ బెర్జేల సేకరణను వేలం సంస్థ క్రిస్టీస్ వాళ్లు వేలం వేశారు. అందులో డిజైనర్ ఐలీన్ గ్రే చేసిన 'డ్రాగన్స్' కుర్చీ ఒకటి. 20, 30 లక్షల యూరోల మధ్య పలుకుతుందని అంచనా వేస్తే 2.19 కోట్ల యూరోలకి పోయింది. కొన్నదెవరు? దాన్ని 1970ల్లో సాఁ లోరాఁకి అమ్మిన డీలరే. తొలి యజమానురాలి నుంచి ఆ రోజు దాకా ఆ కుర్చీ ఎవరెవరి ఇంట్లో ఉందో తెలుసు. ఆ డబ్బులో పెద్ద వాటా ఆ చరిత్రదే. దాని పోలికతో చేసిన కుర్చీకి ఆ ధరలో వెయ్యో వంతు కూడా రాదు.

క్యాటలాగులో పదాలు కూడా చదవండి. "జన్నరే" అని రాస్తే ఒక అర్థం, "జన్నరేది కావచ్చు" అంటే ఇంకో అర్థం, "జన్నరే శైలిలో" అంటే ఆయనకీ దానికీ సంబంధమే లేదని. ఈ మూడో మాట చూసుకోకుండా పాట పాడి, తర్వాత నా మీద అరిచినవాళ్లున్నారు.

అపోహ: వందేళ్లు దాటితేనే విలువ

వందేళ్లనేది చట్టంలో అంకె, మార్కెట్లో కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువుని మనలాంటివాళ్లు దేశం దాటించకూడదు. చండీగఢ్ కుర్చీలకి ఆ వయసు లేదు కాబట్టే కంటెయినర్లలో వెళ్లిపోయాయి. తర్వాతెప్పుడో 2011లో, ఆఫీసుల్లో మిగిలిన ఆ వారసత్వ సామానుని అమ్మొద్దని కేంద్ర హోంశాఖ ఆదేశాలిచ్చింది.

విలువ సంగతంటారా, ఇండోర్ మహారాజా యశ్వంత్‌రావ్ హోల్కర్ కోసం ఎకార్ట్ ముతేసియస్ అనే జర్మన్ ఆర్కిటెక్టు 1930ల మొదట్లో మాణిక్ బాగ్ ప్యాలెస్ కట్టాడు. రాజుగారిల్లంటే చెక్కుడు సింహాసనాలు ఊహించుకుంటాం, అక్కడేమో స్టీలు, గాజు, తోలు. అందులోని సామానుని 1980లో మరో వేలం సంస్థ సోదబీస్ వాళ్లు మొనాకోలో వేలం వేశారు. అప్పటికి వాటికి యాభై ఏళ్లు. ఇప్పుడవి మళ్లీ ఎక్కడైనా వేలానికొస్తే మ్యూజియంలే వచ్చి పాడతాయి. మరోపక్క, 1890ల నాటి లావుపాటి బీరువాలు మా గోడౌన్లో కొనేవాడు లేక పడి ఉన్నాయి. ఇవాళ్టి ఫ్లాట్లలో లిఫ్టులో పట్టనిదాన్ని ఎవరు కొంటారు?

అపోహ: సుత్తి పడిన ధరే చేతికొస్తుంది

రాదు. లెక్క అర్థం కావడానికి గుండ్రటి అంకెలు చెప్తాను. లక్ష దగ్గర పాట ఆగి సుత్తి పడిందనుకోండి. బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాడు వేలం సంస్థకి అదనంగా కట్టేది, 20 శాతమైతే కొన్నవాడు లక్షా ఇరవై వేలు కడతాడు, పన్నులు పైన. అమ్మిన మీకు 12 శాతం కమీషన్ పోను 88 వేలు, అందులోంచి రవాణా, ఫొటోలు, ఇన్సూరెన్సు. పేపర్లో వచ్చేది మాత్రం ప్రీమియం కలిపిన పెద్ద అంకె. కొనేవాడి దగ్గర కూడా వసూలు చెయ్యడం 1975లో లండన్‌లో పెద్ద సంస్థలు రెండూ, క్రిస్టీస్, సోదబీస్, మొదలుపెట్టాయి. పది శాతమంటేనే అప్పుడు డీలర్లు గొడవ చేశారు. ఇప్పుడు పెద్ద సంస్థల్లో 25 దాటేసింది. కమీషన్ బేరమాడవచ్చు, అడగండి, మొహమాటపడకండి.

రిజర్వు, అంటే ఇంతకి తక్కువైతే అమ్మనని మీరు ముందే పెట్టుకునే ధర, దాని గురించి ఒక్క మాట. రిజర్వు ఎక్కువ పెడితే ఎక్కువ వస్తుందనుకోకండి. రిజర్వు రహస్యంగా ఉంటుంది, సాధారణంగా క్యాటలాగులో వేసే రెండు అంచనా ధరల్లో తక్కువదాన్ని దాటదు. పాట అక్కడిదాకా రాకపోతే వస్తువు అమ్ముడుపోదు. ఆ సంగతి కొనేవాళ్లందరికీ తెలిసిపోతుంది. ఆరునెలల్లో మళ్లీ పెడితే ఎవరూ చెయ్యెత్తరు. పోలీసు వెరిఫికేషన్ ఉంటుందేమో, ఇంకమ్ టాక్స్ వాళ్లొస్తారేమో అన్న పుకార్లకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు, ఆడిటర్‌ని అడగండి. జిట్రేగి సామాను అమెరికాలో పిల్లలకి పంపాలనుకునేవాళ్లు మాత్రం ముందు కనుక్కోండి. 2017 జనవరి నుంచి ఆ జాతి చెక్కంతా సైటిస్ (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనల కిందికి వచ్చింది, కాగితాలు లేకపోతే పోర్టులో ఆగిపోవచ్చు.

గుంటూరు పెద్దాయన కుర్చీ ఏమైందంటారా? వెంటనే తిప్పి పంపలేదు. ఇంట్లో పాత ఆల్బమ్‌లు చూడమన్నాను. రెండ్రోజులకి వాళ్లమ్మాయి ఒక నలుపు తెలుపు ఫొటో పంపింది. అందులో ఈ పెద్దాయన అక్కగారు, పెళ్లికి ముందు, అదే కుర్చీని అటువైపు తిప్పి వీపు మీద చేతులు వేసి నిలబడి ఉన్నారు. భూతద్దం పెడితే వెనక కమ్మీ మీద నంబరులో మూడంకెలు కనిపిస్తున్నాయి. నాలుగోది ఆవిడ కొంగు కింద పడింది. ఆ ఫొటో నెగటివ్ కోసం ఇప్పుడు వాళ్లింట్లో అటక సర్దుతున్నారు.

ఇది రాస్తుండగానే విజయవాడ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు, భర్త పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్నారట. "పాలిష్ అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడండీ, లోపలికి రమ్మననా?"

టీ ఇచ్చి పంపించెయ్యమన్నాను.