సంపులో మనిషి పడిపోతే వెంటనే దిగాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

శిక్షణకు వచ్చిన ప్రతి బ్యాచ్‌నూ నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఫ్యాక్టరీ మురుగునీళ్లు శుద్ధి చేసే ఈటీపీ సంపులోకి దిగిన మీ తమ్ముడు లోపల కుప్పకూలిపోయాడు. మీరు పైన ఉన్నారు. ఏం చేస్తారు?" చిత్తూరు జ్యూస్ ఫ్యాక్టరీల్లో అడిగినా, గాజులమండ్యంలో అడిగినా, శ్రీసిటీలో అడిగినా జవాబు మాత్రం మారదు. "దిగతా సార్. ఎట్లా వదిలేస్తా?" ముప్పై మంది ఉంటే ఇరవై ఎనిమిది చేతులు లేస్తాయి. సేఫ్టీ ఆఫీసర్‌గా పదిహేనేళ్లుగా ఈ మాట వింటున్నాను. విన్న ప్రతిసారీ ఆ ఇరవై ఎనిమిది మంది ఇళ్లు గుర్తొచ్చి నాకు గుండె జారుతుంది.

అపోహ: లోపల పడినవాణ్ణి కాపాడాలంటే వెంటనే దిగాలి.

మామిడి సీజన్ మొదలయ్యే ముందు, ముగిశాక మా జిల్లాల్లో జరిగే సంపు పనులన్నిటి వెనకా ఉన్న ప్రమాదం ఇదే. మొదట దిగినవాడికి లోపల ఏముందో తెలియదు. రెండోవాడికి తెలుసు, కళ్లముందే మనిషి పడిపోయాడు. అయినా దిగుతాడు. అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధన చేసే నియోష్ సంస్థ 1986లోనే చెప్పింది: ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడటానికి వెళ్లినవాళ్లే. మనకు అమెరికా దాకా పోవాల్సిన పని లేదు. 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర మొరంలో, ఒక హేచరీ సెప్టిక్ ట్యాంకులో, ఒకరి వెనక ఒకరు దిగి అరడజనుకు పైగా మనుషులు పోయారు.

లోపల జరిగేది ఇది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే ఆ చోటు పనికి పనికిరాదు. 10 కిందికి పోతే స్పృహ తప్పుతుంది. ఇంకా తగ్గితే నిచ్చెన వైపు తిరిగే వ్యవధి కూడా ఉండదు. మామిడి తొక్క, గుజ్జు కడిగిన నీళ్లు, మురుగు, ఏది కుళ్లినా హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది గాలికంటే బరువు, అడుగున కూర్చుంటుంది. పైనుంచి తల పెట్టి చూసినవాడికి ఏమీ అనిపించకపోవచ్చు, అడుగుకు చేరినవాడు పడిపోతాడు. నాలుగు ఊపిర్లలో మీ తమ్ముణ్ణి పడగొట్టిన గాలి, మీకు ప్రేమ ఎక్కువ ఉందని మిమ్మల్ని వదలదు.

చాలా ఏళ్ల క్రితం సంగతి. చిత్తూరు వైపు ఒక యూనిట్, జూన్ నెల, తోతాపురి లోడ్లు గేటు బయట బారులు తీరి ఉన్నాయి. సంపులో పంపు చోక్ అయింది. ఒక హెల్పర్ ఎవరికీ చెప్పకుండా దిగాడు. చప్పుడు విని మేము పోయేసరికి బురదలో బోర్లా ఉన్నాడు. అక్కడే పనిచేసే వాళ్ల బావ చొక్కా విప్పి నిచ్చెన పట్టుకున్నాడు. నేనూ ఇంకో ముగ్గురూ అతన్ని నడుము పట్టి వెనక్కి లాగాం. నన్ను కొట్టాడు, తిట్టాడు, కాళ్లు పట్టుకున్నాడు. ఒంటికి కట్టుకునే హార్నెస్ బెల్టు లేదు, తాడుతో మనిషిని పైకి లాగే మూడుకాళ్ల ట్రైపాడ్ లేదు. ప్యాకింగ్ హాల్లోంచి బ్లోవర్ తెచ్చి పైపు అడుక్కు వదిలి గాలి కొడుతూ నిలబడ్డాం. ఫైర్ వాళ్లు సిలిండర్ మాస్కులతో వచ్చి పైకి తీసేసరికి అబ్బాయి ప్రాణం పోయింది. ఆ బావ కాణిపాకం రోడ్డులో అప్పుడప్పుడు కనిపిస్తాడు. నాతో మాట్లాడడు. మాట్లాడకపోయినా సరే. ఇద్దరు ఆడపిల్లల్ని స్కూటర్ మీద బడికి తీసుకెళ్తూ ఉంటాడు, నాకు అది చాలు.

వాస్తవం: కాపాడే పని మనిషి దిగకముందే మొదలవ్వాలి. దిగేవాడి ఒంటికి హార్నెస్, దానికి తాడు, తాడు కొస పైన ఉన్నవాడి చేతిలో. అప్పుడు ఎవరూ దిగకుండానే లాగవచ్చు. ఇది నేను కొత్తగా చెబుతున్నది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఇదే చెప్పింది: గాలి పరీక్షించి అర్హుడైనవాడు రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా దిగేవాడికి శ్వాస పరికరం, బెల్టు, బయట మనిషి పట్టుకున్న తాడు ఉండాలి. ఇవేమీ లేకుండా ఎవరైనా పడిపోతే మీరు చేయగలిగింది కేకలు వేసి మనుషుల్ని పిలవడం, బ్లోవర్‌తో అడుక్కు గాలి కొట్టడం, 101కో 112కో ఫోన్ చేయడం, దిగబోయేవాణ్ణి పట్టుకోవడం. చివరిదే అన్నిటికంటే కష్టం. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం లోపలికి వదలొద్దు, చిన్న నిప్పురవ్వ చాలు.

అపోహ: కంపు తగ్గింది, గ్యాస్ పోయింది.

హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దగ్గర ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ఆ మోతాదే ప్రాణానికి ప్రమాదం. కంపు ఆగిందంటే సంతోషించి దిగేవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు.

అపోహ: దీపం దించితే తెలిసిపోతుంది.

మా నాన్న బావిలో మోటారు దించేటప్పుడు లాంతరు దించేవాడు. ఆ రోజుల్లో అంతకంటే మార్గం లేదు. దీపం ఆరితే ఆక్సిజన్ తక్కువని అర్థం, నిజమే. ఆరకపోతే విషవాయువు లేదని అర్థం కాదు. పైగా సెప్టిక్ ట్యాంకులో మీథేన్ ఉంటుంది, గాలిలో 5 శాతం చేరితే ఆ దీపమే అంటిస్తుంది. నాలుగు గ్యాసులు చూపించే డిటెక్టర్‌ను తాడుతో దించి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. పొద్దున చూశాం కదా అని మధ్యాహ్నం వదిలేయొద్దు. బురద కదిలితే అందులో ఇరుక్కున్న గ్యాస్ బయటికి వస్తుంది.

తడి గుడ్డ, కోవిడ్ మాస్కు, మెడికల్ షాపు మాస్కు: ఏదీ పనికిరాదు. ఫిల్టర్ మాస్కు కూడా లేని ఆక్సిజన్‌ను పుట్టించలేదు. మూత గంటసేపు తీసి ఉంచితే చాలనడం కూడా అంతే, బరువైన గ్యాస్ తనంతట తాను పైకి రాదు.

సంపులోకి దిగడానికి ఇచ్చే పర్మిట్ మీద సంతకం ఉంది కదా అనే మేనేజర్లకు ఒక్క మాట. ఆఫీసు టేబుల్ దగ్గర పెట్టిన సంతకం సంపు దగ్గర గాలి మార్చదు. మూత దగ్గరికి వచ్చి, డిటెక్టర్ అంకెలు కళ్లతో చూసి సంతకం పెట్టండి.

సంపు సంగతి కాకపోయినా గ్యాస్ గురించే ఇంకో మాట: కోల్డ్ స్టోరేజీల్లో చల్లదనానికి వాడే అమ్మోనియా లీకు గురించి వాట్సాప్‌లో తిరిగే వాయిస్ మెసేజ్‌లు వినకండి. ఒకసారి మా దగ్గర కోల్డ్ స్టోరేజీలో వాల్వు దగ్గర కొద్దిగా లీకైతే, పది నిమిషాల్లో కట్టేశాం. ఈలోగా "మూడు ఊళ్లు ఖాళీ చేయాలి" అని ఎవడో పంపాడు. ఒక ముసలమ్మ మనవణ్ణి చంకనెత్తుకుని సరిగ్గా గాలి వీస్తున్న దిక్కుకే పరిగెత్తింది. ఆమెను ఏమీ అనలేం, భయంలో ఎవరికైనా అంతే. గాలి ఎటు వీస్తుందో చూసి దానికి అడ్డంగా పక్కకు పోవాలి.

నిన్న రాత్రి తిరుపతి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. యాత్రికులకు గదులిస్తుంది, సెప్టిక్ ట్యాంకు మూత ఆరేళ్లుగా తీయలేదట. సందు ఇరుకు, లారీ రాదు, మనుషుల్ని దింపుతామని ఎవరో బేరం మాట్లాడారట. "చిన్న పిల్లోళ్లు సార్ వాళ్లు, నాకు నిద్ర పట్టడం లేదు" అంది. దింపొద్దమ్మా, మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం, మనిషి పోతే 2023లో సుప్రీంకోర్టు చెప్పిన పరిహారమే 30 లక్షలు, ప్రాణం ఎటూ రాదు అన్నాను. పొడవు పైపులున్న సక్షన్ లారీని అడగమన్నాను. ఈ మధ్యాహ్నం మళ్లీ చేసింది. లారీ మెయిన్ రోడ్డు మీదే ఆగింది, సందులోంచి పైపు వేశారు, గంటన్నరలో అయిపోయింది, ఎవరూ దిగలేదు సార్ అని చెప్పింది.