మైకు గొడవ: ఎనభై కుర్చీల హాలు వెనక కథ

గత ఆదివారం సాయంత్రం ఆలాపన మధ్యలో వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "మైకు పెట్టండయ్యా, ఇక్కడ ఒక్క ముక్క వినపడట్లేదు" అన్నారు. ముందు వరసలవాళ్లు ష్‌ అన్నారు. ఆయన కూర్చోలేదు. పాడుతున్నావిడ ఆగి, నవ్వి, మళ్లీ ఎత్తుకున్నారు. ఆ అరనిమిషం వీడియో సోమవారానికల్లా సంగీతాభిమానుల వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. హైదరాబాద్‌లో చలికాలమంతా ఆదివారాలు ఎనభై కుర్చీల హాల్లో మైకు లేకుండా జరిగే ఈ కచేరీల మీద తగువు కొత్తదేం కాదు. ఈసారి మాత్రం చందాదారుల్లో కొందరు ఉత్తరమే రాశారు: మిగిలిన నాలుగు కచేరీలకైనా మైకు పెట్టండి అని.

రాజాస్థానాల్లోంచి సంగీతం సభలకు ఎలా వచ్చిందో అందరికీ తెలిసిన కథే. మైకు వచ్చి అంతా పాడైందనేదీ పాత మాటే. నా లెక్కలో అసలు మలుపు మైకు రావడం దగ్గర లేదు, మానిటర్ స్పీకర్ రావడం దగ్గర ఉంది.

వేదిక మీద ఒకే మైకు ఉన్నన్నాళ్లూ అది గాయకుడి ముందు ఉండేది. వయొలిన్, మృదంగం ఎంత దూరంలో కూర్చోవాలో, ఎంత తగ్గి వాయించాలో వాళ్ల చెవే చెప్పేది. తర్వాత మనిషికో మైకు వచ్చింది, మృదంగానికి రెండు వైపులా రెండు. ఆపైన ఎవరి శబ్దం వాళ్లకు తిరిగి వినిపించే మానిటర్ మోకాలి పక్కన చేరింది. అక్కణ్ణుంచి జరిగేది ఏ పెద్ద హాల్లోనైనా చూడొచ్చు. వర్ణం సగంలో గాయకుడు సౌండ్ అబ్బాయి వైపు వేలు పైకి చూపిస్తారు. అది చూసి వయొలిన్ ఆయన కళ్లతో అడుగుతారు. మృదంగం వాళ్లకీ కావాలి. పెంచమనేవాళ్లే గానీ తగ్గించమనేవాళ్లు ఉండరు. ముగ్గురు విద్వాంసులు ఒకరినొకరు విని సర్దుకోవాల్సిన పని వెనకెక్కడో మిక్సర్ దగ్గర కూర్చున్న కుర్రాడి మీద పడింది. పాపం, అతన్నని ఏం లాభం?

దీన్ని ముందే పసిగట్టినవాళ్లు ఉన్నారు. మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ 1960లలో మైకు ఉంటే వాయించనని పట్టుబట్టారు. అంతకు చాలా ముందు, మైకులేని రోజుల్లో, వెనక కూర్చున్నవాళ్లకు వినపడాలని మైసూరు చౌడయ్య నాలుగు తంతుల వయొలిన్‌ని ఏడు తంతులకు పెంచుకున్నారు. వెనక వరస బాధ అప్పుడూ ఉంది. దానికి మందు మాత్రం వాద్యంలోనే వెతికారు.

హైదరాబాద్‌కి గది కచేరీ పరాయిదేం కాదు. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీఖాన్ 1968లో కన్నుమూసింది ఇక్కడి బషీర్‌బాగ్ ప్యాలెస్‌లోనే. అలాంటి ప్యాలెస్ గదుల్లో జరిగే మెహఫిళ్లలో, అంటే చిన్న కచేరీల్లో, వినేవాళ్లు చేతికందేంత దూరంలో ఉండేవారు. 1961లో రవీంద్ర భారతి వచ్చింది, ఆ తర్వాత చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ. కొత్త రాజధానిలో చేరిన ఉద్యోగుల కుటుంబాలకు అంత పెద్ద హాళ్లు కావాలి కూడా. అక్కడ మైకు తప్పదు. తప్పనిచోట మొదలైన అలవాటు ఎనభై కుర్చీల హాలు దాకా రావడమే విచిత్రం.

మైకు అడిగేవాళ్ల మాట తీసిపారేసేది కాదు. ఆ హాలు మీటింగుల కోసం కట్టింది. సిమెంటు గోడలు, ఫాల్స్ సీలింగ్. వచ్చేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లు.

కానీ ఆదివారం నేను మూడో వరసలో ఉన్నాను. పెద్దాయన లేచిన కాసేపటికి కరెంటు పోయింది, ఏసీ ఆగింది. ఒక్కసారిగా తంబురా జీవ, అంటే తంతి కింది దారం పుట్టించే ఝుమ్మనే నాదం, వినపడింది. వయొలిన్ కమాను తిరిగేటప్పుడు తంతి మీద చిన్న గరగర. మృదంగం ఎడమవైపు రవ్వముద్ద అంటించిన చోటు నుంచి వచ్చే గుమికీ, ఆ జారే బరువైన నాదం, గాల్లోకి కాకుండా నేలలోకి దిగినట్టుంది. వెనక్కి తిరిగి చూస్తే పెద్దాయన కూర్చుని తాళం వేస్తున్నారు. పది నిమిషాల్లో కరెంటు వచ్చింది, ఏసీ హోరు మళ్లీ మొదలైంది. ఉత్తరంలో ఏసీ ప్రస్తావన లేదు.

నిర్వాహకులు ఇప్పుడు కచేరీకి అరగంట ముందే హాలు చల్లబరిచి ఏసీ ఆపేద్దామంటున్నారు. చలికాలం కాబట్టి ఉక్కపోత బాధ ఉండదు. మృదంగం వాళ్లు మాత్రం ఏసీ వేసి ఆపితే చర్మం మారి శ్రుతి జారుతుందని గొణుగుతున్నారు.

వచ్చే ఆదివారం వీణ. అసలు చిక్కు అదే. వీణ నాదం సున్నితం. దానికి కాంటాక్ట్ మైకు, అంటే వాద్యం ఒంటికే అతికే మైకు, బిగించడం ఎప్పుడో మామూలైపోయింది, మైకు వద్దనేవాళ్లు కూడా ఇక్కడ కాస్త నీళ్లు నములుతున్నారు. కుర్చీలు తీసేసి, జంబుఖానాలు పరిచి, వీణని హాలు మధ్యలో పెట్టి చుట్టూ కూర్చోబెడతారట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు గోడవారగా ఇరవై కుర్చీలు. పెద్దాయన కోసం మాత్రం ఒక కుర్చీ ముందే వేయించారు. వస్తానని ఆయన ఇంకా చెప్పలేదు.