జంతునేస్తాల ఫాంటసీలు: రాసేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

టీనేజీ పిల్లల కోసం ఫాంటసీ నవలలు రాస్తాను. కొత్తగా రాసేవాళ్ళ రాతప్రతులు కూడా చదివిపెడుతుంటాను. పిల్లలూ, వాళ్ళను అంటిపెట్టుకుని తిరిగే జంతువులూ ఉన్న కథల్లో కొన్ని పొరపాట్లు పదే పదే కనిపిస్తాయి. కొన్ని నేనూ చేశాను.

అపోహ: మాయాలోకమే కదా, జంతువు ఎలా ఉన్నా చెల్లుతుంది.

వాస్తవం: మొన్న చదివిన ఒక ప్రతిలో గుర్రం మూడు పగళ్ళూ మూడు రాత్రులూ ఏకబిగిన పరుగెత్తింది. మేత లేదు, నీళ్ళు లేవు. అది గుర్రం కాదు, మోటారు సైకిల్! 500 కిలోల గుర్రానికి రోజుకు దాదాపు 10 కిలోల మేత కావాలి. నిలబడే కునుకు తీస్తుంది గానీ, కలలొచ్చే నిద్ర పట్టాలంటే నేలమీద పడుకోవాల్సిందే. ఈ వివరాలు కథకు అడ్డమని భయపడకండి. వెనక సైన్యం తరుముకొస్తోంది, గుర్రం ఒరిగి నిద్రపోతోంది, లేపాలో వద్దో తేలక పద్నాలుగేళ్ళ పిల్ల దాని పక్కన నిలబడి ఉంది. మీకు కావలసిన అధ్యాయం ఇదే.

అపోహ: తోడేళ్ళ గుంపులో చేరాలంటే దాని 'ఆల్ఫా'ను, అంటే పోరాడి పెత్తనం గెలిచిన నాయకుణ్ణి, ఓడించాలి.

వాస్తవం: నా మొదటి నవలలో అచ్చంగా ఇదే రాశాను. ఆల్ఫా అన్న మాట బాగా ప్రచారంలోకి రావడానికి తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1970లో రాసిన పుస్తకం ఒక కారణం. అది సరికాదని తర్వాత ఆయనే చెప్పాడు. ఒకదానికొకటి పరిచయం లేని తోడేళ్ళను ఒకే ఆవరణలో బంధించి చూసినప్పుడు పుట్టిన అభిప్రాయమది. అడవిలో గుంపంటే ఎక్కువగా తల్లీ తండ్రీ పిల్లలే. అంటే మీ కథానాయకుడు సింహాసనం గెలవడం లేదు, ఒక ఇంట్లో చేరుతున్నాడు. కథంతా మారిపోతుంది.

అపోహ: విశ్వాసమంటే చెప్పినట్టు వినడం.

వాస్తవం: చూపులేనివారికి దారి చూపే కుక్కలకు మాట వినకపోవడం కూడా నేర్పుతారు. యజమాని 'పద' అన్నా, ఎదురుగా బండి వస్తుంటే అది కదలదు. అన్నిటికీ తలూపే జంతువు నేస్తం కాదు, పనిముట్టు. 'రాను' అని భీష్మించుకున్న చోట దాని ప్రేమ తెలుస్తుంది.

అపోహ: జంతువులతో మాట్లాడించకూడదు.

వాస్తవం: భేషుగ్గా మాట్లాడించండి. కాకపోతే కుక్క గదిలోకి రాగానే తెరల రంగును మెచ్చుకోకూడదు, ముందు వాసన పట్టాలి.

అపోహ: చివర్లో జంతువు చనిపోతేనే కన్నీళ్ళొస్తాయి.

వాస్తవం: వస్తాయి, తేరగా. ఒక అమ్మాయికి పదేళ్ళప్పుడు దొరికిన కుక్కపిల్ల, ఆమెకు ఇరవై ఏళ్ళు నిండేసరికి మెట్లెక్కలేదు. దానికోసం ఆమె నడక నెమ్మదించడం రాసి చూడండి. ఆ ఒక్క పేజీని నేనింకా తిరగరాస్తూనే ఉన్నాను.