ఘాజీని ముంచింది కుర్సురా కాదండీ!
(సబ్‌మెరైన్ మ్యూజియం: అపోహలు - వాస్తవాలు)

డిసెంబరు వస్తోందంటే విశాఖ బీచ్ రోడ్డులో మా మ్యూజియం ముందు స్కూలు బస్సులు బారులు తీరతాయి. మన నేవీలో పనిచేసి రిటైరైన కుర్సురా అనే సబ్‌మెరైనే ఈ మ్యూజియం. నేవీ డే క్విజ్‌లు, వ్యాసరచన పోటీలు అన్నీ ఆ రోజుల్లోనే కదా. పిల్లలు నోటుపుస్తకాలతో దిగుతారు. చాలామంది పుస్తకాల్లో ఒక వాక్యం ముందే రాసి ఉంటుంది. గైడుగా నేను ఏటా కొట్టేయించేది ఆ వాక్యాన్నే.

అపోహ: 1971 యుద్ధంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని కుర్సురా ముంచేసింది.

ముంచలేదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ మన విశాఖ తీరానికి దగ్గర్లో మునిగింది. ఆ యుద్ధానికి కుర్సురా గస్తీ తిరిగింది అరేబియా సముద్రంలో, అంటే దేశానికి అవతలి పక్కన. ఘాజీ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ. మనవాళ్లు విక్రాంత్‌ను ముందే అండమాన్ వైపు పంపేసి, అది ఇక్కడే ఉందని నమ్మించడానికి రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకను (డిస్ట్రాయర్) వాడారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకే, అంటే నీటి లోపల పేలే బాంబులకే, ఘాజీ మునిగిందని మన నేవీ చెబుతుంది. ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడు వల్ల మునిగిందని పాకిస్తాన్ అంటుంది. ఈ రెండు కథనాల్లో దేంట్లోనూ కుర్సురా లేదు. "సినిమాలో రెండు సబ్‌మెరైన్లు కొట్టుకున్నాయి కదా సార్" అని పెద్దవాళ్లు కూడా వాదిస్తారు. సినిమా సినిమాయే.

దీనికి తోకలా ఇంకోటి ఉంది. ఘాజీ మునిగినందుకే నేవీ డే చేస్తారని. డిసెంబరు 4 రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ మీద దాడి చేశాయి. దాని పేరు ఆపరేషన్ ట్రైడెంట్. నేవీ డే ఆ దాడికి గుర్తు. రెండూ ఇంచుమించు ఒకే సమయంలో జరగడంతో జనం కలిపేసుకున్నారు.

ఇంత చిన్న తప్పుకి ఇంత పట్టుదల ఎందుకంటారా? ఒక ఏడాది పదో తరగతి అమ్మాయి ఒకతె ఏడుపు మొహంతో వచ్చింది. స్కూల్లో చెప్పిందే క్విజ్‌లో చెప్పింది, ఫైనల్లో ఆ ఒక్క జవాబుతో వాళ్ల జట్టు ఓడిపోయింది. తప్పు ఆ పిల్లది కాదు. మ్యాప్ ముందు నిలబెట్టి విశాఖ ఎక్కడ, కరాచీ ఎక్కడ, కుర్సురా ఎక్కడ తిరిగిందీ చూపించాను. అంతా విని, "మరి ఇది ఏం చేసింది సార్? ఏమీ చెయ్యలేదా?" అంది.

అసలు అడగాల్సిన ప్రశ్న అది. ఘాజీ కథ తలలో ఉన్నంతకాలం ఎవరికీ ఆ ప్రశ్న రాదు. ఆ పిల్లని కుర్సురాలో ముందువైపు టార్పెడో గదిలోకి తీసుకెళ్లాను. టార్పెడో అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధం. టార్పెడోలను ఆనుకునే బంకులు, వాటిమీదే మనుషులు పడుకునేవారు. 91 మీటర్ల పొడవున్న ఈ గొట్టంలో 75 మంది. స్నానానికి నీళ్లుండవు, పగలో రాత్రో తెలియదు. డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు నింపుకోవడం, మళ్లీ మునగడం. కుర్సురా 1969లో సోవియట్ యూనియన్‌లో మన నేవీలోకి చేరి 2001లో రిటైరయ్యేదాకా 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. ఆ అమ్మాయి బంకు పొడవు జానలతో కొలుచుకుని నోటుపుస్తకంలో రాసుకుంది. వేరే ఓడ చేసిన పని దీనికి అంటగడితే, ఇందులో బతికినవాళ్ల కష్టం ఎవరికీ కనపడదు. నాకు బాధ అక్కడ.

అపోహ: లోపల ఊపిరాడదు, పెద్దవాళ్లు వెళ్లకూడదు.

ఈ భయంతో బయటే బెంచీ మీద కూర్చుండిపోయిన అమ్మమ్మల్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇప్పుడిది నీళ్లలో లేదమ్మా. ఒడ్డుకి లాగి నిలబెట్టారు. సందర్శకుల కోసం దారులు తీశారు, ఒక చివర ఎక్కి రెండో చివర దిగుతారు. గాలికి లోటు లేదు. ఇబ్బందల్లా మోకాళ్లతోనే. మెట్లెక్కాలి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులుంటే బలవంతం వద్దు, రోడ్డుకి అవతల మ్యూజియంగా నిలిపిన టీయూ-142 అనే నేవీ విమానం దగ్గర హాయిగా తిరగొచ్చు. ఇరుకంటే భయం ఉన్నవాళ్లు ముందే చెప్పండి, రద్దీ తగ్గాక పంపిస్తాం.

ఇక మిగతావి గబగబా. ఇది బొమ్మ కాదు, నిజమైన సబ్‌మెరైనే. టార్పెడోల్లో పేలుడు పదార్థం లేదు. చేపల్ని చూడ్డానికి కిటికీలేవని అడుగుతారు, యుద్ధ సబ్‌మెరైన్లకి కిటికీలుండవు.

ఒకటి మాత్రం డబ్బుతో కూడిన పని. నేవీ డే రోజు, డిసెంబరు 4న, బీచ్‌లో నేవీ విన్యాసాలు ఖాయమనుకుని శ్రీకాకుళం నుంచీ, ఒడిశా నుంచీ కుటుంబాలతో బయల్దేరి వచ్చేస్తారు. నేవీ డే ప్రధాన వేడుక 2023లో సింధుదుర్గ్‌లో, 2024లో పూరీలో చేశారు. విశాఖలో ఆ విడత విన్యాసాలు జరిగింది 2025 జనవరి 4న. వాట్సాప్ ఫార్వర్డ్ నమ్మకండి, నేవీ ప్రకటన చూసుకుని టికెట్లు కొనుక్కోండి.

మాస్టార్లకి ఒక విన్నపం. అరవైమందిని ఒకేసారి లోపలికి తోలి పావుగంటలో బస్సెక్కించకండి. చిన్న జట్లుగా పంపండి, ముందురోజు ఫోన్ చేస్తే మేం మ్యాప్ సిద్ధంగా ఉంచుతాం. సోమవారం మాత్రం రాకండి, సెలవు.