తోక తెగిన ‘ళ’

చిరంజీవులైన మనవలకు, వాళ్ల స్నేహితులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరం సోమవారం అందింది. ‘అమ్మగారూ, ఇవాళ బ్యాంకు కాగితం కాదు, నిజం ఉత్తరమే’ అని పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గరి నుంచే కేక వేశాడు. నలుగురి చేతిరాతలు నాలుగు రకాలు. కళ్లజోడు రెండుసార్లు తుడుచుకోవలసి వచ్చింది గానీ, ఫిర్యాదు లేదు.

మీ పత్రికలో ఒక పేజీ టెలిగ్రాములాగా, ఒకటి టెలిప్రింటర్ కాగితంలాగా, మిగిలినవన్నీ సైక్లోస్టైల్ ప్రతుల్లాగా ఉండాలన్నారు. ముచ్చటగా ఉంది. నమూనాగా పంపిన పేజీని దీపం కింద పెట్టి చూశాను. కంప్యూటర్‌లో చేసినా పాత టైప్‌రైటర్ అక్షరాలలాగే ఉన్నాయి. కానీ పదిహేను ‘క’లు లెక్కపెట్టాను. పదిహేనింటికీ ఒకే గాటు, పదిహేనూ ఒకే నలుపు. గాటు ఒకేలా ఉండటం నిజమే, ఎందుకంటే అది మిషన్‌ది. నలుపు ఒకేలా ఉండటం మాత్రం అబద్ధం. అది మనిషిది. చిటికెన వేలికి బలం తక్కువ, ఆ వేలు కొట్టే అక్షరాలు పలచగా పడతాయి. పొద్దున కొట్టిన పేజీ ఒక తీరు, రాత్రి పదకొండుకు కొట్టింది ఒక తీరు. మీ కంప్యూటర్ ఆ టైప్‌ మిషన్ రూపాన్ని పట్టుకుంది, దాని ముందు కూర్చున్న మనిషిని వదిలేసింది.

ఆ కూర్చున్న మనుషులలో నేనూ ఒకదాన్ని కాబట్టి, కాస్త వివరంగానే చెబుతాను.

సైక్లోస్టైల్‌కు మూలం స్టెన్సిల్. అది మైనం పూసిన పలచని కాగితం, ఉల్లిపొరకు కాస్త అన్నలాంటిది. దాన్ని టైప్‌రైటర్‌లో ఎక్కించి, రిబ్బను అడ్డం రాకుండా పక్కన ఉన్న చిన్న మీటతో దించేయాలి. అప్పుడు అక్షరం సిరాతో పడదు, నేరుగా మైనాన్ని కోస్తుంది. ఆ స్టెన్సిల్‌ను డ్రమ్ము మీద పరిచి చేతి పిడి తిప్పితే, కోసిన చోటల్లా సిరా దిగి కింది కాగితం మీద పడుతుంది. తిప్పినకొద్దీ ప్రతులు. లండన్‌లో గెస్టెట్నర్ అనే ఆయన 1881లో తెచ్చిన పరికరంతో ఈ పేరు వచ్చింది. సైక్లో అంటే చక్రం. ఆయన చేసింది కొసన చిన్న పళ్ల చక్రం ఉన్న కలం. దానితో రాస్తే మైనం కాగితం మీద వరసగా సన్నని చిల్లులు పడేవి. టైప్‌రైటర్‌తో స్టెన్సిల్ కట్ చేయడం ఆ తర్వాతి ముచ్చట.

ఇంగ్లీషు వాళ్లకు ఒక్క ‘ఓ’ అక్షరంతోనే తంటా. మనకు అక్షరాలన్నీ గుండ్రనివే! సున్నను కాస్త గట్టిగా కొట్టామా, మధ్యలోని మైనం బిళ్ల ఊడిపోయేది. అచ్చులో సున్నకు బదులు నల్లటి మచ్చ పడేది. మెత్తగా కొడితే అసలు పడదు. అందుకని సున్నకు ఒక దెబ్బ, ‘స’కు ఒక దెబ్బ, ‘ఠ’కు ఇంకో దెబ్బ. ఇది ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ నేర్పరు, వేళ్లకే తెలియాలి. ‘స్త్రీ’ అని కొట్టాలంటే నా మిషన్ మీద నాలుగైదు దెబ్బలు పడేవి. ఆ దెబ్బలలో కొన్నింటికి అక్షరం పడేది గానీ, కాగితాన్ని పక్కకు జరిపే బండి కదిలేది కాదు. తప్పు పడితే కరెక్షన్ ద్రవం పూసి, నోటితో ఊది, ఆరేదాకా ఆగి, మళ్లీ అదే చోట కొట్టాలి. ఆ ద్రవం వాసనకు నాకు ఇప్పటికీ తలనొప్పి గుర్తొస్తుంది.

పగలు విజయవాడ గవర్నరుపేటలో ఒక జాబ్ టైపింగ్ దుకాణంలో పనిచేసేదాన్ని. దావా కాగితాలు, ప్రశ్నపత్రాలు, సంఘాల కరపత్రాలు అన్నీ వచ్చేవి. సాయంత్రాలు ఒక చిన్న సాహిత్య పత్రికకు స్టెన్సిల్స్ కట్ చేసేదాన్ని. అది ఇంటి దగ్గర, నా సొంత సెకండ్‌హ్యాండ్ రెమింగ్టన్ మీద. దాని ‘ళ’కు తోక తెగి ఉండేది. పత్రిక వార్షికోత్సవంలో సంపాదకుడు కవులకు, చందాదారులకు, ఆఖరికి టీలు తెచ్చిన కుర్రాడికి కూడా కృతజ్ఞతలు చెప్పాడు. నన్ను మరిచిపోయాడు. నాకు కోపం రాలేదని చెప్పను. వారం రోజులు వాళ్ల స్టెన్సిల్స్ ముట్టుకోలేదు. కానీ ఆ సంచికలు ఇప్పుడు తీసి చూస్తే ప్రతి పేజీలోనూ నా మొండి తోక ‘ళ’ ఉంది. సంతకం లాంటిదే.

ఆ సంతకమే ఒకసారి భయపెట్టింది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికలకు సెన్సారు. చాటుమాటుగా తిరిగే కాగితాలు చాలావరకు సైక్లోస్టైల్‌వే. ఎందుకంటే దానికి ప్రెస్సు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఒక గది చాలు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తెలిసినాయన ఒకరు చేతిరాత కాగితం తెచ్చి, రేపటికి స్టెన్సిల్ కావాలన్నాడు. రెండు పేజీలు. చదివాను. కొట్టాలనే ఉంది. కానీ ఆ ‘ళ’! ఊళ్లో ఉన్న తెలుగు టైప్‌రైటర్లు ఎన్ని? ఆ కాగితం పట్టుకుని నలుగురు టైపిస్టులను అడిగితే, ఇది ఫలానా ఆమె మిషన్ అని ఇట్టే చెప్పేస్తారు.

అందుకని ‘ళ’ లేకుండా కొట్టాను. మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి. తెలుగులో రెండు పేజీలు, ‘ళ’ రాకూడదు. ‘వాళ్లు’ అని ఉన్నచోట ‘వారు’ పెట్టాను. ‘నీళ్లు’ అన్నది ‘నీరు’ అయింది, ‘కళాశాల’ కాలేజీ అయింది, ‘వెళ్లారు’ కాస్తా ‘పోయారు’ అయింది. ‘ఇళ్లలో’ దగ్గర అరగంట ఆగిపోయాను. ‘ఇంటింటా’ అని తట్టేసరికి కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు తిరిగాను. తెల్లవారి ఆయన వచ్చి చదివి, ‘ఏమో అనుకున్నాను గానీ, బాగానే రాశానే!’ అని మురిసిపోయాడు. నేనేమీ అనలేదు. ఇవాళ మీకే మొదటిసారి చెబుతున్నాను. మీ తాతయ్యకు కూడా తెలియదు.

ఇది నా ఒక్కదాని భయం కాదు. సోవియట్ దేశంలో 1968లో ‘వర్తమాన ఘటనల వృత్తాంతం’ అనే పత్రిక మొదలైంది. అరెస్టుల గురించి, కోర్టు విచారణల గురించి ఉన్నదున్నట్టు రాసేవారు. దానికి అచ్చు యంత్రమే లేదు. నటాల్యా గోర్బనేవ్‌స్కాయా అనే కవయిత్రి కార్బన్ కాగితాలు పెట్టి తానే టైపు చేసింది. ఒక ప్రతి అందినవాళ్లు మళ్లీ కార్బన్లు పెట్టి ఇంకొన్ని కొట్టి ముందుకు పంపేవారు. ఆమెను 1969 డిసెంబరులో అరెస్టు చేశారు, ఆ తర్వాతా పత్రిక ఆగలేదు. ఆమె పేరు చరిత్రలో ఉంది, ఉండాలి కూడా. కానీ తర్వాతి ప్రతులు కొట్టినవాళ్లు? అట్టడుగు కార్బన్ ప్రతి మసకగా ఉంటుంది చూశారూ, ఆ మసకను కళ్లు చిట్లించి చదువుతూ మళ్లీ కొట్టినవాళ్లు?

ఇక టెలిప్రింటర్. మీ తాతయ్య ఒక దినపత్రికలో రాత్రి డ్యూటీ ఉపసంపాదకుడని మీకు తెలుసు. మీ అమ్మను చిన్నప్పుడు ఒకసారి ఆఫీసుకు తీసుకెళ్లారు. మూలన ఉన్న యంత్రం ఎవరూ ముట్టుకోకుండానే టకటకా కొట్టుకుపోవడం చూసి అది జడుసుకుంది, దయ్యం రాస్తోందని! పీటీఐ, యూఎన్ఐ అనే వార్తా ఏజెన్సీల వార్తలు అలా వచ్చేవి. అవతల ఊళ్లో ఒక మనిషి కూర్చుని కొడితేనే ఇవతల కాగితం మీద అక్షరం పడేది. అన్నీ ఇంగ్లీషులో, పెద్దక్షరాలలో. మరీ ముఖ్యమైన వార్తయితే గంట మోగేది. కుర్రాడొకడు చుట్ట చించి, వార్తకు వార్త విడదీసి బల్ల మీద పెట్టేవాడు. తెల్లారేలోపు అదంతా తెలుగవ్వాలి. ‘శ్వేతపత్రం’, ‘అవిశ్వాస తీర్మానం’, ‘అల్పపీడనం’ లాంటి మాటలు పల్లెటూరి అరుగుల దాకా వెళ్లింది అలాంటి బల్లల మీదుగానే. పొద్దున పేపర్లో వార్త మొదట ఏజెన్సీ పేరు ఉండేది. తెలుగు చేసినవాడి పేరు ఉండేది కాదు. తాతయ్యకు దానితో పట్టింపు లేదు. మాట సరిగ్గా కుదిరిన రోజున మాత్రం ఇంటికి రాగానే నన్ను లేపి మరీ చెప్పేవారు. మీ టెలిప్రింటర్ పేజీలో ఇంగ్లీషు పెద్దక్షరాలు పెట్టి ఊరుకోకండి. దాని పక్కనే, మార్జిన్‌లో, పెన్సిలుతో తెలుగు చేస్తున్న చేతిని చూపించండి. కొట్టివేతలతో సహా.

టెలిగ్రాము గురించి ఎక్కువ చెప్పను, 2013 జూలైలో అది ఆగినప్పుడు అందరూ రాసేశారు. ఒక్కటే సరదా విషయం. శుభాకాంక్షలకు అంకెలు ఉండేవి. పెళ్లికి 8. పంపేవాడు 8 అని రాసిస్తే తీగ మీద అంకె వెళ్లేది, అవతలి గుమాస్తా వాక్యం మొత్తం నింపి ఇచ్చేవాడు. నా పెళ్లికి పదకొండు టెలిగ్రాములు వస్తే తొమ్మిదింటిలో ఒకే దీవెన. మీ పేజీలో అందిన వేళ, గుమాస్తా పొడి సంతకం మరవకండి. సైకిలు మీద తెచ్చిన మనిషికి ఎక్కడో ఒక చోటు చూడండి.

మీ వయసు పిల్లలే పత్రిక అచ్చు వేసిన కథ కూడా ఒకటుంది. ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనె అనే పంతులుగారికి మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమైంది. తరగతిలో ఎక్కువసేపు మాట్లాడలేకపోయేవారు. 1924లో చిన్న అచ్చు యంత్రం కొని బడిలో పెట్టారు. పిల్లలు తాము రాసింది తామే సీసపు అక్షరాలతో పేర్చి, సిరా పూసి, అచ్చు తీసేవారు. ఆ కాగితాలు దేశం అవతలి కొసన బ్రిట్టనీలో ఉన్న ఇంకో బడికి వెళ్లేవి, అక్కడి నుంచి వాళ్ల కాగితాలు వచ్చేవి. రాసినవాడే అక్షరాలు పేర్చాలి కాబట్టి అక్కర్లేని మాట ఎంత బరువో వేళ్లకే తెలిసేది. వాళ్లవి ఇరవై ఆరు అక్షరాలు. మన గుణింతాలూ ఒత్తులూ పేర్చాలంటే ఆ పంతులుగారికి అక్షరాల అరల కోసం ఇంకో గోడ కట్టించాల్సి వచ్చేది.

మీరు రిసోగ్రాఫ్ మీద వేయిస్తామన్నారు. మంచిదే. జపాన్ వాళ్ల ఆ యంత్రం మా సైక్లోస్టైల్‌కు మనవరాలు. అక్కడా స్టెన్సిలే, అక్కడా డ్రమ్మే. కాకపోతే వేలు కొట్టే పనిని లోపల వేడి చేస్తుంది, పలచని పొరకు సన్నని చిల్లులు పెడుతుంది. ఆ దుకాణంలో కాగితం దొంతరలు సర్ది, ఇరుక్కున్న షీట్లు లాగే మనిషి ఎవరో ఉంటారు. పేరు అడిగి రాసుకోండి. వేయవద్దంటే వేయకండి.

మీ నమూనా చివర సంపాదకులు, చిత్రకారులు అని నాలుగు పేర్లున్నాయి. ఆ పేజీ టైపు చేసింది ఎవరు? మీలో ఒకరేనా, లేక మీ అక్కా? నాకు అక్క మీదే అనుమానం.

కంప్యూటర్ అక్షరాలు మానేయండి. రెమింగ్టన్ పంపిస్తున్నాను. శుక్రవారం బస్సు పార్శిల్‌లో వస్తుంది, ఇద్దరు వెళ్లండి, బరువు. బండి కదలకుండా పురికొసతో కట్టాను. ముందు అది విప్పి, ఆ తర్వాతే మీట నొక్కండి. రిబ్బను కొత్తది వేశాను. మెకానిక్ ‘ళ’ మారుస్తానన్నాడు, వద్దన్నాను. పెట్టెలో రెండు పాత స్టెన్సిల్స్ కూడా ఉన్నాయి. మైనం ఎండిపోయి ఉంటుంది, అయినా దీపానికి ఎదురుగా పట్టుకుని చూడండి. ఒకదానిలో ‘ఇంటింటా’ కనిపిస్తుంది.

మీ
అమ్మమ్మ