జర్మన్‌లో రెండుకి ఎన్ని మాటలు?

జర్మనీలో ఎవరైనా ఫోన్ నంబరు చెబుతుంటే మధ్యలో ‘త్స్వో’ అని వినిపిస్తుంది. భాష కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల పెన్ను అక్కడ ఆగిపోతుంది. పుస్తకంలో రెండంటే ‘త్స్వై’ కదా! (ఈ ‘త్స్’ మనకు కష్టమేమీ కాదు. ‘చలి’లో చ పలికినట్టు పలికితే చాలు.)

మూడుని ‘ద్రై’ అంటారు. లైను సరిగా లేకపోతే త్స్వై, ద్రై ఒకేలా వినిపిస్తాయి. అందుకే ఫోన్లలో, సైన్యం వైర్‌లెస్‌లో త్స్వో అనడం అలవాటైంది. అలాగని ఇది ఎవరో కూర్చుని పుట్టించిన మాట కాదు. పాత జర్మన్‌లో రెండుకి లింగభేదం ఉండేది. పుంలింగానికి ‘త్స్వేన్’, స్త్రీలింగానికి ‘త్స్వో’, నపుంసకానికి ‘త్స్వై’. మనం ఇద్దరు మనుషులు, రెండు మేకలు అంటాం. వాళ్లు మూడుగా విడదీశారు. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ అనువదించిన బైబిల్లో త్స్వేన్ ఉంది. తర్వాత ప్రామాణిక భాష నపుంసక రూపాన్నే ఉంచుకుని మిగతా రెండింటినీ వదిలేసింది.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ యాస వదలలేదు. మగవాళ్లు ఇద్దరైతే ‘త్స్వే’, ఆడవాళ్లైతే ‘త్స్వో’, పిల్లలైతే ‘త్స్వొయ్’. బిడ్డ అనే మాట వాళ్లకు నపుంసకం మరి! కుర్రకారు నోట మాత్రం ఈ తేడా చెరిగిపోతోంది. బవేరియాలో ‘త్స్వోఆ’ అంటారు. ఉత్తరాన ‘లో జర్మన్’ (Low German) అనే భాష మాట్లాడేవాళ్లది ‘ట్వే’. దక్షిణాన ‘ట’ని ‘త్స్’గా మార్చేసిన పాత ధ్వని మార్పు వాళ్లదాకా రాలేదు, ఇంగ్లిష్ ‘టూ’ దాకా రానట్టే.

యాభైకీ ఇదే గొడవ. ప్రామాణిక రూపం ‘ఫ్యున్ఫ్‌త్సిష్’ నోరు తిరగక చాలాచోట్ల ‘ఫుఫ్‌త్సిష్’ అయిపోయింది. నమ్మదగని మనిషిని ‘దొంగ ఫుఫ్‌త్సిగర్’ అంటారు, అంటే చెల్లని యాభై.

అసలు చిక్కు గడియారం దగ్గర వస్తుంది. 2:15ని హాంబర్గ్‌లో ‘రెండు దాటి పావు’ అంటారు. లైప్‌జిగ్‌లో అదే ‘పావు మూడు’, అంటే మూడో గంటలో పావు వంతు గడిచిందని. 2:45 అక్కడ ‘ముప్పావు మూడు’. విచిత్రమేమిటంటే 2:30ని మాత్రం హాంబర్గ్ వాళ్లూ ‘అర మూడు’ అనే అంటారు. అరకి ఒప్పుకున్నవాళ్లకు పావు దగ్గరే పేచీ!